గోడవైపు ఏ రంగు?

పాత బోగీల పరిరక్షణాధికారి గారి సముఖమునకు,
(మేడమీద, వరండా చివరి గది)

సూచిక: మా షెడ్డు తలుపుకు తమ జవాను జిగురుతో అంటించి వెళ్ళిన ఉత్తర్వు. జిగురు ఎక్కువైనందున కాగితం ముక్కలుగా ఊడివచ్చినది. అయిననూ అతికించి చదువుకున్నాము.

విషయం: మూడవ షెడ్డులోని పాత బోగీకి రెండు వైపులా ఉన్న రెండు రంగులను ఉన్నవి ఉన్నట్టే ఉండనివ్వమనియు, ఏ వైపునూ గోడకు అప్పగించవద్దనియు, పనిలో పనిగా ఒక కాపురమును కాపాడమనియు కోరుట గురించి.

అయ్యా,

సదరు షెడ్డులో జీతం బత్తెం లేకుండా పనిచేయు కార్యకర్తలలో ఒకడనూ, బోగీ ఎర్రవైపు జట్టుకు పెద్దనూ అయిన నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను నీటి సరఫరా కార్యాలయంలో అర్జీల విభాగంలో గుమాస్తాగా చేరి, ఆ విభాగంలోనే, ఆ కుర్చీలోనే పదవీవిరమణ చేసినవాడిని. ఎవరి కుళాయి ఎండినా, ఎవరి గొట్టం పగిలినా ఆ గోడు ముందు నా బల్లమీదికే వచ్చేది. కాబట్టి అర్జీ అనేదాని జాతకం నాకు క్షుణ్ణంగా తెలుసు. అది మొదట టీ గ్లాసు కిందికి పోతుంది. అక్కడినుంచి గుండ్రటి మరకతో సహా "తగు చర్య నిమిత్తం" అని పక్క బల్లకు పోతుంది. పక్క బల్ల ఆయన సెలవులో ఉంటాడు. అధికారులు మొదటి పేరా, చివరి పేరా చదివి మధ్యది వదిలేస్తారని కూడా తెలుసు. ఇందులో అసలు సంగతి మధ్యలోనే ఉన్నది. దయచేసి గ్లాసు పక్కన పెట్టి చదవగలరు.

2. ఈ దస్తూరీ నాది కాదు. కిటికీ చట్రం ఒకటి జారి నా కుడిచేతి బొటనవేలిమీద పడినందున, నేను చెబుతుంటే నా భార్య రాస్తున్నది. ఆమె బోగీ ఆకుపచ్చవైపు జట్టుకు పెద్ద. అనగా ఈ వ్యవహారంలో నాకు ఎదుటి పక్షం. నేను చెప్పింది చెప్పినట్టే రాస్తానని, ఉండబట్టలేని చోట మాత్రం బ్రాకెట్లలో తన మాట వేసుకుంటానని షరతు పెట్టింది. ఒప్పుకోక చేసేదేముంది? ఎదుటి పక్షం చేత తన అర్జీ రాయించుకున్న మొనగాడిని లోకంలో నేనొక్కడినే అయి ఉంటాను.

(రాసేవారి మాట: చట్రం దానంతట అది జారలేదు. "గట్టిగా పట్టుకోండి" అని నేను అంటుండగానే ఈయన వదిలేశారు.)

3. ఈ పనిలోకి ఎలా వచ్చామంటే: పదవీవిరమణ చేసిన కొత్తలో నాకు పొద్దు పోక, వంటింటి డబ్బాలన్నింటికీ వరుస సంఖ్యలు వేసి, ఒక పట్టిక తయారుచేసి గోడకు అంటించాను. చక్కెర కావలసినవారు ముందు పట్టిక చూచి పిదప డబ్బా తీయవలెను. నా భార్య ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో నర్సుగా పనిచేసి విరమించిన మనిషి. పెద్ద పెద్ద సర్జన్లే ఆమె కళ్ళవైపు చూసి గొంతు తగ్గించేవారట. ఆమె పట్టిక వంక చూసింది, నా వంక చూసింది.

"ఏవండీ, మీకో పని చూస్తాను. లేకపోతే ఈ ఇంట్లో మీరైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మూడవ షెడ్డుకు తీసుకువచ్చింది. అక్కడ చూతును గదా, ఇనుప చట్రంమీద చెక్క గోడలతో ఒక పాత బోగీ. లోపల అరలు అరలుగా గదులు, ప్రతి గదికీ రెండువైపులా తలుపులు. పట్టాలు వేసే పనివాళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని సామాన్ల కొట్టుగా వాడుకుని, తర్వాత దాని సంగతే మరిచిపోయారు. సీటు కింద ఒక పిల్లి పిల్లలను పెట్టుకుని ఉంది. ఒక పళ్ళ డాక్టరు గారు తన సొంత పరికరాలతో కిటికీ సందుల్లోని పాత లప్పం గీకుతున్నారు. "నోరు తెరవండి" అని ఆ కిటికీతో అనడం ఒక్కటే తక్కువ. నాకు ఆ చోటు చూడగానే నచ్చింది. పట్టిక ఆ సాయంత్రమే పీకేశాను.

(పట్టిక పీకింది నేను.)

4. సదరు షెడ్డు కట్టినవారు మనుషులను దృష్టిలో పెట్టుకుని కట్టలేదు. బోగీకి ఎడమవైపు షెడ్డు పెద్ద తలుపు ఉన్నది. వెలుతురూ గాలీ పుష్కలం. కుర్చీ వేసుకుని, కాలుమీద కాలు వేసుకుని రంగు వేయవచ్చును. కుడివైపు షెడ్డు గోడ. ఆ గోడకూ బోగీకీ మధ్య ఉన్నది మూరెడు సందు. అందువలన పని పంచుకున్నప్పుడు చదువు గాని అనుభవం గాని చూడలేదు, నడుము చుట్టుకొలత చూశారు. సందులో పట్టేవాళ్ళు కుడివైపు, పట్టనివాళ్ళు ఎడమవైపు. నా భార్య అటు పోయింది. నన్ను ఎవరూ అడగను కూడా అడగలేదు, కుర్చీ తెచ్చి వేశారు.

కుడివైపు జట్టు పక్కకు తిరిగి నిలబడి, కొక్కేనికి దీపం తగిలించుకుని, ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉన్న బోగీ గోడకు రంగు వేసింది. ఎంతవరకు వచ్చిందో వెనక్కి జరిగి చూసుకునే వీలు వాళ్ళకు లేదు. ఈ ముక్క తమరు గుర్తుపెట్టుకోవలెను. మళ్ళీ దీనికే వస్తాను.

5. పాత బోగీకి రంగు కొనబోయే ముందు దానికి కన్ను తెరవాలి. మా షెడ్డులో ఆ మాటే వాడతాము. గోడమీద ఒక చోట చిన్న నాణెమంత మేర తడి గరుకుకాగితంతో సుతారంగా రుద్దుతూ పోవాలి. ఒక్కో కాలంలో వేసిన రంగు ఒక్కో వలయంగా బయటపడుతుంది. తెలుపు, నీలం, మళ్ళీ తెలుపు, బూడిద రంగు, అన్నింటికన్నా నడిమధ్యన నల్లగుడ్డులాగా మిగిలేది ఆ బోగీ పుట్టినప్పటి రంగు. అది తేలాకనే బ్రష్షు ముట్టాలి. ఇది మాకు వేదవాక్కు.

ఎడమవైపు కన్ను నేనే తెరిచాను. నడిమధ్యన ముదురెరుపు. కుడివైపు కన్ను నా భార్య తెరిచింది. నడిమధ్యన ఏమి కనబడిందో నాకు తెలియదు, ఎందుకు తెలియదో ఇప్పుడు మనవి చేస్తాను.

6. అటు రేగిన దుమ్ము ఇటు తడిరంగుమీద పడకూడదని పాత దుప్పట్లు కలిపి కుట్టి, రెండువైపులా పైనుంచి కిందిదాకా తెరలు కట్టాము. ఎవరి తెర వెనక వాళ్ళు. పని పూర్తయ్యేలోగా ఎదుటివాళ్ళ తెర ఎత్తి చూడడం మా షెడ్డులో క్షమించరాని నేరం. నేను చూడాలనుకున్నా ఆ సందులో పట్టను.

తమరు అడగవచ్చును: ఇంట్లోనైనా మాట్లాడుకోరా అని. మాట్లాడుకోకేమి?

"కన్ను తెరిచామండీ. అసలు రంగు తేలింది," అంది ఒక రాత్రి భోజనాల దగ్గర.

"మాకూ తేలింది," అన్నాను.

"ఎంత నిండుగా ఉందో!"

"ఈ రోజుల్లో అలాంటి రంగు ఎవరు వేస్తున్నారు?" అన్నాను నేను.

బోగీ ఒకటే కాబట్టి రంగూ ఒకటేనని ఇద్దరికీ గట్టి నమ్మకం. అందుకని ఏ రంగు అని ఇద్దరిలో ఒకరమూ అడగలేదు. రంగు డబ్బాలు ఎవరి వైపువి వాళ్ళే తెచ్చుకున్నాము. ఇక నా గోళ్ళలో ఎరుపు చూసి ఆమె ఇనుముకు పూసే రెడాక్సైడు అనుకుంది. ఆమె వేళ్ళమీద ఆకుపచ్చ చూసి నేను మా ఇంటి గేటుకు రంగు వేస్తోందనుకున్నాను. మా గేటు ఆకుపచ్చదే.

ఇద్దరి తెరల వెనకా చూసినవాడు ఒక్కడున్నాడు. మా బావమరిది. నా భార్యకు తమ్ముడు. బీమా ఏజెంటు కావడంచేత పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా కాదన్నవాడు కాడు. రెండు జట్లకూ టీ అందించే పని అతనిది. "రంగు ఎలా ఉందిరా?" అని అక్క అడిగితే "బ్రహ్మాండం అక్కా!" అన్నాడు. నేను అడిగితే "బ్రహ్మాండం బావా!" అన్నాడు. తర్వాత కాలర్ పట్టుకుంటే ఏమన్నాడో చిత్తగించండి: "మీరు అడిగింది బాగుందా అని కదా బావా. రెండువైపులా ఒకటేనా అని అడగలేదు కదా!"

7. పని పూర్తయిన రోజున తమ యార్డు ఇంజను తగిలించి బోగీని ఎండలోకి లాగారు. తెరలు ఒకేసారి దించాము. నా జట్టు నా వైపు నిలబడి చప్పట్లు కొట్టింది. అటువైపు నుంచి కూడా చప్పట్లు వినబడ్డాయి. పళ్ళ డాక్టరు గారు బోగీ వెనకనుంచి తిరిగి అటు పోయారు. మళ్ళీ ఇటు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని మరోసారి అటు పోయారు.

"ఏమండోయ్, బయటికి లాగింది ఒక బోగీనా, రెండా?" అని అరిచారు.

ఎడమవైపు ముదురెరుపు. కుడివైపు ముదురాకుపచ్చ. రెండూ అద్దంలాగా మెరుస్తున్నాయి.

8. ఆపైన జరిగినది అర్జీలో రాయదగినది కాదు గాని, తమకు పరిస్థితి బోధపడవలెను గనుక రాయిస్తున్నాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరిదీ ఒకటే పట్టు. "మీరు పూర్తిగా రుద్దలేదు. ఇంకో పొర కింద ఆకుపచ్చ ఉంటుంది, మధ్యలో ఆపేశారు. మీకు ఏ పనైనా మధ్యలో ఆపడం అలవాటే," అని నా భార్య అందరి ఎదుటా అంది. నేను ఊరుకుంటానా? కన్ను తెరిచిన చోటనే చెక్క తేలేదాకా రుద్ది చూపించాను. ఆకుపచ్చ జాడ లేదు. "నువ్వే ఎక్కువ రుద్ది దాటిపోయావు," అన్నాను. ఆపరేషన్ గదిలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషిని పట్టుకుని చెయ్యి జారిందని అన్నాను. ఆ తర్వాత ఇంట్లో వాతావరణం ఎలా ఉన్నదో తమ ఊహకు వదిలివేస్తున్నాను.

(వాతావరణం పొడిగా ఉన్నది.)

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు మా బావమరిది రెండు జట్లకూ రెండు ఫ్లాస్కులు పెట్టాడు. అసలు విచారం ఏమిటంటే, నా భార్య తను వేసిన గోడను వెనక్కి జరిగి, ఎండలో, తనివితీరా చూసుకోవలసిన రోజు అది. ఆ రోజంతా మేము పోట్లాటతో గడిపాము. సాయంత్రానికి బోగీని మళ్ళీ షెడ్డులోకి తోసేశారు. ఆమె వైపు మళ్ళీ గోడచాటుకు పోయింది.

9. నిజం తేల్చినది కూడా పంతమే. వెనకటి వడ్రంగులు ఒక బోగీ చెక్కలు మరో బోగీలో కలిసిపోకుండా ప్రతి పలక వెనకా, ప్రతి తలుపు అడుగునా ఆ బోగీ నంబరు కొట్టి పెట్టేవారు. నా తలుపులు ఎక్కడివో పరాయివని నిరూపించాలని నా భార్య టార్చిలైటు పట్టుకుని బోగీ లోపలికి ఎక్కింది. ఆమె తలుపులే పరాయివని నిరూపించాలని నేనూ వెనకాలే ఎక్కాను. మాట్లాడుకోవడం లేదు గనుక ఒకరి వైపు గోడను మరొకరం వెతికాము. కాసేపటికి నాకు ఒక నంబరు దొరికింది. ఆమెకు ఒకటి దొరికింది. రెండూ వేరు.

ఒక్క తలుపే అనుకుంటే తప్పు. ఆమె వైపు తలుపులు, పలకలు, కిటికీ చట్రాలు అన్నింటికీ ఒక నంబరు. నా వైపు అన్నింటికీ ఇంకొకటి. ఎప్పుడో రెండు బోగీలు దెబ్బతిని ఉంటాయి. ఏ యార్డులోనో ఎవరో ఒక దాని మంచి గోడనూ, మరోదాని మంచి గోడనూ తెచ్చి ఒకే చట్రంమీద నిలబెట్టి, పైన ఒకే కప్పు వేసి, అంతటా తెలుపు పూసేసి పని అయిందనిపించారు. రెండు గోడలూ ఒక ఎత్తు కావు. కప్పు ఒరగకుండా ఒకవైపు గోడమీద వేలెడు మందం చెక్క ముక్క ఎత్తు పెట్టారు. ఆ చెక్క ముక్కమీదనే ఇన్నేళ్ళూ కప్పు నిలబడింది.

(ఎత్తు పెట్టవలసి వచ్చింది ఈయన వైపు గోడకే.)

అంటే ఆమె ఎక్కువ రుద్దలేదు, నేను తక్కువ రుద్దలేదు. ఇద్దరిదీ నిజమే. ఆ సంగతి తెలిసేసరికి ఇద్దరమూ మోకాళ్ళమీద ఉన్నాము, తలనిండా బూజు. ముందు ఆమె నవ్వింది. తర్వాత నేను నవ్వాను. పిల్లి బయటికి వచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. ఎక్కడో పుట్టిన ఆమె, మరెక్కడో పుట్టిన నేను, ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డామా అని నేను అప్పుడప్పుడు ఆశ్చర్యపడేవాడిని. అక్కడ సీటుమీద ఆమె పక్కన కూర్చుని ఉంటే ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో ఒక్కసారిగా తెలిసివచ్చింది. ఈ వాక్యం తీసేయకుండా రాయవలసిందిగా రాసేవారిని కోరుతున్నాను.

(రాశాను. సరిగా వినబడలేదని రెండుసార్లు చెప్పించుకుని రాశాను.)

10. ఇలా మేము రాజీ పడి, రెండు రంగులూ ఉండవలసినవేనని, ఈ బోగీ చరిత్ర అదేనని సంతోషంగా ఉండగా తమరు తనిఖీకి వేంచేశారు. బోగీ కొసన నిలబడి అటొకసారి ఇటొకసారి చూసి, "ఇదేమిటయ్యా, సగం సగం?" అన్నారు. మేము నంబర్ల సంగతి చెప్పబోయాము. అప్పుడే తమకు ఫోను వచ్చింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. బోగీని కొత్త ప్రదర్శనశాల గోడ పక్కకు, మూరెడు ఎడంతో చేర్చి శాశ్వతంగా నిలబెడతారట. ఒక వైపే సందర్శకులకు కనబడుతుందట, కాబట్టి రంగుల పేచీ దానంతట అదే తీరిపోతుందట. ఏ వైపు బయటికి ఉండాలో మేము సోమవారంలోగా రాతపూర్వకంగా తెలపాలట. తెలపనిచో కార్యాలయం వారే బోగీ మొత్తానికి తమ బెంచీలకు వేసే బూడిద రంగు వేయించి పెడతారట.

అయ్యా, నేనూ కార్యాలయంలో పనిచేసినవాడినే. పేచీ తీర్చడానికి ఇది తెలివైన ఉపాయమే. రెండు కుళాయిలకు నీళ్ళు చాలకపోతే ఒకటి బిగించేయమని మేమూ రాసేవాళ్ళం. కానీ ఆ బూడిద రంగు ఎలాంటిదో తమ బెంచీమీద కూర్చుని, తమ కోసం ఎదురుచూస్తూ నేను చాలాసేపు చూశాను. ఆ బెంచీకి కన్ను తెరిచినా బూడిద కింద బూడిదే తప్ప ఏమీ కనబడదు.

11. సదరు విషయమై సమావేశం పెట్టాము. సన్నవాళ్ళందరూ ఆకుపచ్చకు, మిగతావాళ్ళందరూ ఎరుపుకు చేతులెత్తారు. సమానంగా వచ్చాయి. మా బావమరిది రెండు చేతులూ ఎత్తాడు. రెండోసారి లెక్కపెట్టినప్పుడు పళ్ళ డాక్టరు గారు ఏడ్చినంత పనిచేశారు. తాము రంగు వేసిన వైపును గోడకు తిప్పడానికి ఏ జట్టు మాత్రం ఒప్పుకుంటుంది? ఆ బూడిద రంగు డబ్బాలు అప్పుడే షెడ్డు ముందర దించి ఉన్నాయి. మేము వాటిని తప్పించుకుని చుట్టూ తిరిగి లోపలికి పోతున్నాము.

12. కావున నా ప్రార్థన:

(అ) ప్రదర్శనశాలకూ ప్లాట్‌ఫారానికీ నడుమ ఒక పాత పట్టా ఉన్నది. బోగీని దానిమీద నిలిపితే అటు ప్లాట్‌ఫారంమీద నుంచి ఎరుపు, ఇటు ప్రదర్శనశాల వరండాలోనుంచి ఆకుపచ్చ నిండుగా కనబడతాయి. చుట్టూ తిరిగి వచ్చినవారు "ఇదేమిటి, రెండు బోగీలా?" అని అడుగుతారు. అడిగితే కదా మనం కథ చెప్పేది! సదరు పట్టామీద ప్రస్తుతం నీడపట్టు అని తమ కారు నిలుపుతున్నారు. ఆ కారును ప్రదర్శనశాల గోడకు ఆనించి నిలపవచ్చునని సవినయంగా సూచిస్తున్నాను. కారుకు రెండువైపులా ఒకటే రంగు కదా.

(ఆ) కారు కదలని పక్షంలో, బూడిద రంగు మాట ఎత్తకుండా, ఆకుపచ్చవైపును బయటికి ఉంచవలెను. ఎర్రవైపును గోడకు తిప్పవలెను.

ఈ ముక్క చెప్పేసరికి రాసేవారు కలం ఆపి నా వంక చూస్తున్నారు. రాయవే, ఆపకు. ఎర్రవైపు జట్టు పెద్దనై ఉండి ఈ మాట సమావేశంలో అనలేకపోయాను. అంటే మావాళ్ళు నన్ను కుర్చీతో సహా బయట పెట్టేవాళ్ళు. ఇక్కడ, తమ సముఖంలో, అంటున్నాను. మేము నా వైపును వెలుతురులో వేశాము, రోజూ వెనక్కి జరిగి చూసుకున్నాము, చూసి మురిసిపోయి టీ తాగాము. ఆమె తన వైపును దీపం పెట్టుకుని, ముక్కు దూరంలో, చూసుకోకుండా వేసింది. ఒక్క చోట బ్రష్షు గీత కనబడదు. ఎండలోకి వచ్చిన ఒక్క రోజూ నేను పోట్లాట పెట్టుకుని పాడుచేశాను. నేను చూసినంత కాలం ఆమెను కూడా చూడనివ్వండి. ఆ బోగీకి కాస్త దూరంగా, ఒక కుర్చీ వేసి, చేతికి టీ ఇచ్చి, "ఇది నువ్వు వేసిన గోడ, చూసుకో," అని నేను అనాలి. నేను ఈ అర్జీ పెట్టింది అందుకు. మిగతాదంతా కార్యాలయ భాష.

పై విషయములు చిత్తగించవలెను. చిత్తగించిన పిదప టీ గ్లాసు కింద పెట్టకుండా, పక్క బల్ల ఆయన సెలవులో లేని రోజు చూచి, తగు ఉత్తర్వులు సోమవారంలోగా ఇప్పించవలెను.

కారు విషయంలో తప్ప మిగిలిన అన్ని విషయాల్లోనూ
తమ విధేయుడు,
ఎర్రవైపు పెద్ద

(సంతకం ఎడమచేత్తో చేసినందున కోడిగీతలుగా ఉన్నది. కుడి బొటనవేలికి కట్టు ఉన్నందున ఆ వేలిముద్ర కూడా వేయలేని స్థితి అని మనవి.)

తాజా కలం:

అయ్యా, ఇది రాసేవారి సొంత మాట. ఆయన సంతకం పెట్టి కవరు కొనడానికి వీధిలోకి వెళ్ళారు. తిరిగి వచ్చేలోగా రాసి మడిచేయాలి, కాబట్టి మర్యాదలు లేకుండా రాస్తున్నాను, మన్నించండి.

మధ్య పట్టా ఇస్తే సరే. ఈ భాగం చింపి పారేయండి. ఇవ్వడం కుదరకపోతే మాత్రం పన్నెండవ అంశంలోని (ఆ) పట్టించుకోవద్దు. ఎర్రవైపునే బయటికి ఉంచండి, ఆకుపచ్చను గోడకు తిప్పండి. ఆకుపచ్చ జట్టుకు నేను చెప్పుకుంటాను. నా మాట కాదనరు.

ఆయన చెప్పింది రాస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి, ఐదో పుటలో అక్షరాలు అలుక్కుపోయింది అందువల్లే, టీ మరక అనుకోకండి. ఆయన నన్ను చూడనివ్వాలనుకున్నారు, నాకు అది చాలు. కానీ ఆయన ఒక సంగతి ఆలోచించలేదు. తమ ఉత్తర్వులో గోడకూ బోగీకీ మధ్య మూరెడు ఎడం అని ఉంది. మూరెడు సందు నాకు కొత్త కాదు. ఆ గోడను నేను ముక్కు దూరంలోనే ఎరుగుదును. ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు పక్కకు తిరిగి, టార్చిలైటు పట్టుకుని, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసుకుని వస్తాను.

ఆయన వైపును గోడకు తిప్పితే మాత్రం ఆయన కూడా చూసుకుందామని ఆ సందులో దూరబోతారు. వద్దంటే వినే మనిషి కాదు. సగం దూరాక ఇరుక్కుంటారు. అప్పుడు ఆయనను బయటికి లాగడానికి తమ యార్డు ఇంజను కావాలని ఇంకో అర్జీ పెట్టుకోవాలి, అదీ నేనే రాయాలి.

గేటు చప్పుడైంది.